జోడెడ్ల గోలీకి సోమవారం సెలవు

మందుల దుకాణంల కొత్తగా పనికి చేరినోళ్లు ఒక్కోసారి నా దగ్గరికొచ్చి, ఇన్నేండ్లు గోలీలిచ్చినవు కదా తాతా, ఇందుల అసలు కిటుకేందని అడుగుతరు. కిటుకు ఒక్కటే ఉన్నది. డాక్టర్ రాసింది చదువుకోవచ్చు, కంపెనీ అచ్చేసింది చదువుకోవచ్చు. మందు ఇంటికి పోయినంక ఏం చేస్తదో మాత్రం యాడా రాసి ఉండదు. అది అడిగి తెలుసుకోవాలె. ఈ ముక్క నాకు ఏ డాక్టరూ పుస్తకం తెరిచి చెప్పలేదు. నర్మెట్ట దిక్కు మల్లయ్య అనే రైతు, ఆయన పెండ్లాం రాజవ్వ కలిసి నేర్పిండ్రు. నేర్పినట్టు వాళ్లకు తెల్వదు. తెలిసుంటే రాజవ్వ గురుదక్షిణ కింద నా కోడిపుంజునన్న పట్టుకపోతుండె.

బడి బందు

అరవై తొమ్మిదిల తెలంగాణ కొట్లాట మొదలైనప్పుడు నేను జనగామల ఎనిమిదో తరగతి. బళ్లు బందైనయి. నేను ఖాళీగా తిరిగితే పోలీసోళ్ల లాఠీకన్న, పత్తాలాటకన్న దొరుకుతనని మా నాయిన నన్ను తీస్కపోయి కేశవరావు డాక్టర్ సాబ్ దవాఖానల సీసాలు కడిగే పనికి పెట్టిండు. బళ్లు తెరిచినంక అందరు పోయిండ్రు. నేనూ పోతనంటే డాక్టర్ సాబ్, సీసాలు ఎవరు కడగాలెనని అడిగిండు. నిజం చెప్తే నేనూ గట్టిగ అడగలేదు, లెక్కల మాస్టర్ కంటే సీసాలే నయమనిపించింది. కొట్లాట ఎప్పుడో ఆగిపోయిందని మా దోస్తులంటరు. నా లెక్కన మాత్రం బడి బందు పిలుపును ఇప్పటిదాకా పాటిస్తున్నోన్ని నేనొక్కన్నే.

డాక్టర్ సాబ్ పాత మిలిటరీ మనిషి. రోగిని గూడ అటెన్షన్‌ల నిలబెట్టి నాలుక చూసేటోడు. చెప్పేది అయిదు మాటలు, అందుల మూడు ఉర్దూ, ఒకటి తిట్టు. ఆ మాటలను రోగి బుర్రలకు ఎక్కించుడు కంపౌండరు పని. సీసాలు కడుగుడు నుంచి రెండు మూడేండ్లల్ల నేను ఆ కుర్చీకి ఎక్కిన. చదువు రానోళ్లకు పొట్లం మీద పొద్దున గోలికి సూర్యుడి బొమ్మ, రాత్రి గోలికి చంద్రుడి బొమ్మ గీసిచ్చేటోన్ని. నా చంద్రుడు కొడవలి లెక్క ఉంటడని డాక్టర్ సాబ్ అనేటోడు. నీ మందుకు కోతల కాలం గాదురా, సరిగ గియ్యి అని.

ఒక కాడికి ఇద్దరు

గా రోజులల్ల ఒక కొత్త గోలి వచ్చింది. దాంట్ల రెండు మందులు కలిపిండ్రు. ఒకటి సల్ఫా, పాత కాపే, అంతకుముందే అన్ని సర్కారు దవాఖానలల్ల ఒంటిగ తిరిగేది. రెండోదాని పేరు ట్రైమెథోప్రిమ్, అది నోరు తిరగనీకి నాకు ఆరు నెలలు పట్టింది. రెండూ కలిస్తే క్రిమికి తిండి తయారయ్యే తొవ్వను రెండు తావులల్ల కట్ చేస్తయని, ఒంటిగ ఏదీ అంత పని చెయ్యదని డాక్టర్ సాబ్ నాకు సగం ఇంగ్లీషుల చెప్పిండు. నాకు సగమే అర్థమైంది. మిగిలిన సగాన్ని నా తెలివితోని నింపుకున్న.

మూత్రంల మంట, జ్వరంతోని మల్లయ్య వచ్చిన రోజే ఆ తెలివి బయటపడ్డది. మల్లయ్యకు యాభై దాటినయి, రెండెకరాల చెలక, ఒక జత ఎడ్లు. డాక్టర్ సాబ్ పొద్దున రెండు, రాత్రి రెండు, పది రోజులని రాసిండు. నీళ్లు బాగ తాగాలె, మధ్యల ఆపొద్దని చెప్పిండు. ఈ గోలి ఎందుకంత గొప్పదని మల్లయ్య నన్ను అడిగిండు. నేను చెప్పిన, బాపూ, ఇది జోడెడ్ల గోలి, ఒక్క గోలిల రెండు మందులుంటయి, ఒక కాడికి కట్టినట్టు రెండూ కలిసి లాగుతయి, ఒక ఎద్దు తోని నాగలి సాగుతదా అని.

మల్లయ్య మొఖం వెలిగింది. లోపలినుంచి డాక్టర్ సాబ్ నవ్వు వినవడ్డది. ఆయన నవ్వుడు నేను వినుడు అదే మొదలు. నాకు గాలి నిండిపోయింది. ఆ తెల్లారి నుంచి వచ్చినోనికల్లా జోడెడ్ల ముచ్చటే. నెల తిరగకముందే అంగడికొచ్చినోళ్లు గూడ, గా జోడెడ్ల గోలి ఉన్నదా అని అడుగుడు మొదలువెట్టిండ్రు.

మీకు నేను చెప్పేదేందంటే, పోలిక చెప్పుడు సులువు. కానీ అది రోగితోపాటు ఇంటికి పోతది, ఆడ మన మాట వినదు.

సోమవారం సెలవు

పదిహేను రోజులకు మల్లయ్య మళ్ల వచ్చిండు. అదే మంట, అదే జ్వరం. డాక్టర్ సాబ్ నా దిక్కు అనుమానంగ చూసిండు, నేను గోలీల బదులు సున్నం ముద్దలిచ్చినట్టు. నేను మల్లయ్యను పక్కకు కూసోబెట్టి, గోలీలు ఎట్ల వేసుకున్నవో చెప్పుమన్న.

ఆయన లెక్క చక్కగ చెప్పిండు. పూటకు ఒక్కటే వేసుకున్నడట.

"రెండు గదా చెప్పింది?"

"ఒక్క గోలిలనే రెండెడ్లున్నయంటివి. రెండు గోలీలంటే నాలుగెడ్లు. నా ఒళ్లెంతున్నది బిడ్డా, ఒక్క జోడి సరిపోదా?"

సరే, మరి రోజు తప్పకుండ వేసుకున్నవా అని అడిగిన. సోమారం తప్ప అన్నడు. మా దిక్కు సోమారం ఎడ్లకు కాడి కట్టరు. ఎంత అదునున్నా, వాన ముంచుకొస్తున్నా ఆ రోజు ఎడ్లకు సెలవే. మల్లయ్య బతుకుల ఆ నియమం తప్పలేదు. నేను గోలిల ఎడ్లున్నయని చెప్పిన, ఆయన వాటికీ సోమారం సెలవిచ్చిండు. మంట తగ్గినంక, దున్నుడైపోయింది గదా, ఇంకెందుకని కాడి దించేసిండు.

ఇందుల ఆయన తప్పు ఒక్కటి చూపెట్టుండ్రి. నేను వెతికిన, దొరకలేదు. డాక్టర్ సాబ్ అయిదు నిమిషాలు తిట్టిండు. అందుల మల్లయ్యకు ఒక్క తిట్టూ లేదు, అన్నీ నాకే. సగం వేసి ఆపితే క్రిమి చావదు, దెబ్బ తిని రాటుదేలుతదని అప్పుడే మొదటిసారి నాకు విడమరిచి చెప్పిండు. మల్లయ్యకు కొత్త పొట్లం కట్టిచ్చిన. గోలికి ఎడ్లూ లేవు, సోమారమూ లేదు, ఇవి అయిపోయేదాక ఆపితే మా డాక్టర్ నా తోలు వలుస్తడని చెప్పిన. నా తోలు మీద జాలితోనన్న ఆయన ఆ పది రోజులు సరిగ వేసుకున్నడు. తగ్గిపోయింది.

ఒక్కటి మాత్రం అడగడం మర్చిపోయిన. పాత పొట్లంల మిగిలిన గోలీలు ఏమైనయని.

పొడిచే ఎద్దు

రెండు నెలలు గడిచినయి. ఒకనాడు పొద్దుగాల దవాఖాన ముంగట ఎడ్లబండి ఆగింది. నర్మెట్ట దిక్కు నుంచి జనగామకు బస్సుండగ బండెందుకని చూస్తే, బండిల గొంగడి కప్పుకొని రాజవ్వ ఉన్నది. ఒళ్లంత ఎర్రటి దద్దుర్లు, పెదవులు పొంగి పగిలినయి, కండ్లు తెరవలేకున్నది. ఊళ్లె అమ్మవారు పోసిందని గుమ్మానికి యాపమండలు కట్టిండ్రట. మందు ముట్టొద్దన్నరట. బస్సు కండక్టరు ఆమెను చూసి ఎక్కనియ్యలేదట. మల్లయ్య ఎవరి మాట వినకుండ బండి కట్టుకొచ్చిండు.

డాక్టర్ సాబ్ ఆమె నోరు తెరిపించి చూసిండు. అమ్మవారు కాదన్నడు. ఈ రెండు మూడు రోజులల్ల ఏం గోలీలు మింగిందని అడిగిండు. మల్లయ్య రొండిల నుంచి తంబాకు డబ్బి తీసి బల్ల మీద పెట్టిండు. దాంట్ల నా పొట్లం. దాని మీద నా సూర్యుడు, నా కొడవలి చంద్రుడు. పాత జోడెడ్ల గోలీలు పదకొండు మిగిలున్నయి.

జరిగిందిది. రాజవ్వకు పడిశం పట్టి ఒళ్లు వెచ్చబడ్డది. జనగామ దాక ఎందుకు, ఇంట్ల బంగారం లాంటి మందున్నదని మల్లయ్య ప్రేమగ రెండేసి గోలీలిచ్చిండు. పడిశానికి ఆ గోలి గడ్డిపోచంత గూడ పనికిరాదు. పోనీ ఉత్తగనే పోతదా అంటే, అదీ లేదు. ఎన్నడో రక్తవిరేచనాలైనప్పుడు సర్కారు దవాఖానల ఇచ్చిన తెల్లగోలి మింగితే ఒళ్లంత దురదలు పెట్టి మొఖం ఉబ్బిందట. ఆ సంగతి ఆమె మల్లయ్యకు చెప్పింది. చెప్తే ఆయన, గదేదో ఒంటెద్దు, ఇది జోడెడ్లు, దీని సంగతే వేరన్నడు.

డాక్టర్ సాబ్ సూది చేసి, పొట్లం మూసి, నా దిక్కు తిరిగిండు. ఈసారి తిట్టలేదు. తిడితే బాగుండు.

"అరే యాదగిరి, పొడిచే ఎద్దుకు పక్కన ఇంకో ఎద్దును కడితే పొడుసుడు మానుతదా?"

ఆ తెల్లగోలి సల్ఫా. ఆమెను పొడిచిన ఎద్దే నా జోడెడ్లల్ల దాపటెద్దు. రెండెడ్లున్నయని ఊరంత చెప్పిన, ఏ ఎద్దు ఎవరిని పొడుస్తదో ఒక్కరినీ అడగలేదు. నా బతుకుల నోట మాట రాని రోజు అదొక్కటే. నా పెండ్లాం సాక్ష్యం చెప్తది, పెండ్లి రోజు గూడ నేను నోరు మూయలేదు.

డాక్టర్ సాబ్ తన జీపుల ఆమెను వరంగల్ పెద్ద దవాఖానకు తోలిచ్చిండు. ఒక్కోసారి ఇది కండ్ల మీదికి, పానం మీదికి వస్తదని నాతోని అన్నడు. బండి వెంట వచ్చిన ఆమె తమ్ముడు జీపుల కూసున్నడు. మల్లయ్య బండిని విడిచి పోలేక దవాఖాన ముంగట ఎడ్ల దగ్గర నిలబడ్డడు. నేను నీళ్లు తీస్కపోయిన.

"బిడ్డా, ఇయ్యాల సోమారం. కాడి కట్టిన. ఆమెకు ఏమన్నయితదంటవా?"

నాకు అప్పుడుగాని ఆ రోజు ఏ వారమో మతికి రాలేదు. జ్వరమొచ్చినా, మంట పెట్టినా తప్పని మనిషి, పెండ్లాం కోసం తప్పిండు. ఏ ముచ్చటకైన ఒక ఎక్కిరింపు ముందే తయారుగ పెట్టుకునేటోన్ని, ఎడ్లేమనుకోవు బాపూ అని మాత్రం అన్న. ఆయన వాటి గంగడోళ్లు నిమురుకుంట పొద్దు వాలేదాక ఆడనే ఉన్నడు.

మూడు ప్రశ్నలు, ఒక డబ్బి

రాజవ్వ మూడు వారాలకు తిరిగొచ్చింది. తోలంత ఊడి కొత్తది వచ్చింది. వచ్చి మొదలు నన్నే పట్టుకున్నది.

"ఏమయ్యా కంపౌండరూ, నన్ను మళ్ల పడుచును చేసినవు. మా ఆయన గుర్తువట్టక ఎవరి బిడ్డవని అడుగుతుండు."

నన్ను తిట్టకుండ వదిలిందని సంతోషపడ్డ. డాక్టర్ సాబ్ మాత్రం వదలలేదు. ఆ తెల్లారి నుంచి మూడు సవాళ్లు అడగకుండ దవాఖానల నుంచి ఒక్క పొట్లం బయటికి పోవద్దన్నడు. ఇంతకుముందు ఏ మందన్న నీకు పడకపోయిందా? కడుపుతోని ఉన్నవా, ఒళ్లె పసిగుడ్డు ఉన్నదా? ఇప్పుడు ఇంకేం మందులు వాడుతున్నవ్? పొట్లం ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పుమన్నడు, ఒంటి మీద ఒక్క దద్దురు లేచినా, నోరు పుండైనా, ఇంకో గోలి ముట్టకుండ ఉరికిరమ్మని. కడుపుతోని ఉన్నవా అని ఒక మీసాల పటేల్‌ను గూడ అడిగిన. ఆయన కోపానికి వచ్చిండు. నియమం నియమమే పటేలా అన్న.

నాలుగో సవాలు నేను కలిపిన. ఇంట్ల డబ్బిల ఏమున్నయి, తెచ్చి చూపెట్టు అని. జనగామ చుట్టుపట్ల ఊర్ల డబ్బీలన్నీ నా బల్ల మీదికి వచ్చినయి. ఏ రోగానిదో తెల్వని గోలీలు, అంగీ గుండీలు, బీడీ ముక్కలు. ఒకాయన డబ్బిల ఆయన చిన్నప్పటి పన్ను దొరికింది. అదే గోలి అనుకొని ఎవరికియ్యనందుకు దండం పెట్టిన.

డాక్టర్ సాబ్ రాజవ్వకు ఒక చీటి రాసిచ్చిండు. ఈమెకు సల్ఫా ఏ రూపంల గూడ ఇయ్యొద్దని, ఏ డాక్టర్ దగ్గరికి పోయినా ఇది చూపెట్టాలెనని. రాజవ్వ ఆ కాయితాన్ని అటూ ఇటూ తిప్పింది. వానకు తడుస్తది, కొంగుల కట్టుకుంటే చెమటకు చిరుగుతది, ఎన్నొద్దులుంటది బిడ్డా అన్నది. నా నోరు ఊకుంటదా. అయితే ఒంటి మీద రాయించుకో అవ్వా, కొత్త తోలే గదా అన్న.

ఆమె నవ్వలేదు. నేను పట్టించుకోలేదు.

మానుకోట ముచ్చట ఒకటి

డాక్టర్ సాబ్ పోయినంక మానుకోటల ఒక మందుల దుకాణంల చేసిన. మీ మ్యాపులల్ల మహబూబాబాద్ అని ఉంటది. ఆ సేటు మంచోడే, కానీ తుమ్మినోనికి, దగ్గినోనికి, అత్తతోని కొట్లాడి తల నొచ్చినోనికి గూడ జోడెడ్ల గోలే ఇయ్యమనేటోడు. పడిశానికి ఎడ్లు కడితే దున్నేదేముంటది సేటూ అని నేను. గిరాకీ దున్నుతం అని ఆయన. నాలుగేండ్లు కొట్లాడి బయటపడ్డ. ఖరాఖండిగ చెప్తున్న, అడిగిందల్లా ఇచ్చేటోడు కిరాణం పెట్టుకోవాలె. మందుల దుకాణంల లేదు అనుడు గూడ సరుకే.

చెయ్యి చూపిన రాజవ్వ

తర్వాత మొగుళ్లపల్లిల మా బామ్మర్ది పేరు మీద చిన్న దుకాణం తెరిచినం. ఆయన ఫార్మసీ చదివిండు, నేను ఎనిమిది చదివిన, ఇద్దరం కలిస్తే ఒక జోడి. ఎదురుంగ కొత్తగ ఒక డాక్టర్ వచ్చిండు. గోదావరి దిక్కు పిల్లగాడు, పెద్ద చదువు, మెత్తటి మాట. మా మాటకు నవ్వు ఆపుకోలేక రుమాలు అడ్డం పెట్టుకునేటోడు. ఆయన మాటకు మేం అడ్డం పెట్టుకోకుండనే నవ్వేటోళ్లం.

ఒకరోజు సరోజన అనే ఆమె ఆయన చీటి పట్టుకొని వచ్చింది. చూస్తే జోడెడ్ల గోలీలే, వారం రోజులకు. ఎవరికని అడిగిన. మా అవ్వకు, చుట్టపుచూపుగ వచ్చి మూత్రంల మంట, చలిజ్వరంతోని పడ్డదన్నది. నేను అలవాటుగ సవాళ్లు మొదలువెట్టిన. ఇంతకుముందు ఏ మందన్న పడకపోయిందా అని.

సరోజన విసుక్కున్నది. "జ్వరంతోని పండ్లు కొరుక్కుంటున్నది, ఆమె ఏం చెప్తదన్నా. మందు అంటే చాలు చెయ్యి చూపెడ్తది. డాక్టర్ సార్‌కు గూడ గదే చూపెట్టింది."

"చేతి మీద ఏమున్నది?"

"పచ్చబొట్టు. జోడెడ్లు. వాటి మీద అడ్డంగ ఇంటు గీత."

నా చేతుల గోలీల పట్టీ ఉన్నది. దాన్ని మళ్ల డబ్బల పెట్టి మూత వేసిన. మీది ఏ ఊరు బిడ్డా అని అడగాలనుకున్న, అడగలేదు. అడుగుడెందుకు, నర్మెట్ట దిక్కని నా కాళ్లకు ముందే తెలిసిపోయింది. రోడ్డు దాటి ఉరికిన.

రాజవ్వ బెంచీ మీద ముడుచుకొని పండుకున్నది. జుట్టు నెరిసింది గని ఆ మొఖం నేను మరువలేదు. మోచేతి కింద పచ్చటి ఎడ్ల జత, కాడితో సహా. వాటి మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు రెండు గీతలు. నేను డాక్టర్‌ను లోపలికి తీస్కపోయి సంగతంత చెప్పిన. ఆమె చెయ్యి చూపెట్టి గివి నాకొద్దు అన్నదట. పాత ఎన్నికలల్ల ఒక పార్టీకి ఆ గుర్తుండె గదా, దాని మీద ఈమెకు ఇంత పగేందని ఆయన అనుకున్నడట.

"మీరు ఎవరికి ఓటేసినా పరవాలేదమ్మా, ముందు మందు వేసుకోండి అన్నానండీ," అని తల పట్టుకున్నడు.

చీటి చించేసి వేరే మందు రాసిండు. అది నేనే తెచ్చిచ్చిన. రెండు రోజులకు జ్వరం దిగినంక చూసొద్దామని సరోజన ఇంటికి పోయిన. రాజవ్వ గోడకు ఆనుకొని గట్క తాగుతున్నది. నన్ను చూసి ఎగాదిగ కొలిచింది.

"కంపౌండరూ, నువ్వే గదనయ్యా ఒంటి మీద రాయించుకొమ్మంటివి. జనగామ అంగడిల పచ్చబొట్టామె తోని పొడిపిచ్చుకున్న. సూది నొప్పికి మా ఆయన ఏడ్చిండు, నేను ఏడ్వలే."

అక్షరాలు రాయించుకోకపోయినవా అవ్వా, డాక్టర్‌కు ఎరుకయ్యేది అన్న.

"నాకు రాని అక్షరాలు నా ఒంటి మీద ఏం రాసినయో నాకెట్ల తెలుస్తది? గా పచ్చబొట్టామెకు తేలు బొమ్మ వచ్చు, ఎడ్ల బొమ్మ వచ్చు. అయినా చదువు రానోళ్లందరికి తెలుస్తది గది ఏందో. గా చదువుకున్నాయనకే సదువరాలే."

నేను ఆ రోజు గూడ మాట్లాడలేదు. అంటే నోట మాట రాని రోజులు రెండు. ముందు ఒకటే అని రాసిన, దిద్దుకోండ్రి.

ఆ డాక్టర్ మాత్రం మంచి మనిషి. మర్నాటి నుంచి ఎవరొచ్చినా మందు రాసే ముందు అడుగుడు మొదలువెట్టిండు. కానీ అడిగే పద్ధతి మాది పట్టుకున్నడు. ఆయన మెత్తటి గోదావరి గొంతుతోని, జోడెడ్లు నీకు పడ్తయా అని అడిగితే రోడ్డు ఇవతల నాకు వినవడేది. ఒకనాడు ఒక రైతు మూత్రంల మంట, జ్వరంతోని వచ్చిండు. ఆయనకూ అదే సవాలు. రైతు, ఎడ్లు నిరుడే అమ్మేసినం సారూ, ఇప్పుడు ట్రాక్టరే అన్నడు. డాక్టర్ ఏం రాయాలో తెల్వక కిటికీల నుంచి నా దిక్కు చూసిండు.

"మొదలు పడ్తదా లేదా తేల్చుకోండ్రి సారూ," అని నేను ఈడినుంచే కేకేసిన. "పడితే పది రోజులు రాయుండ్రి. ట్రాక్టరుకు సోమారం లేదు."